సగం చుట్టు

తాళాలు విప్పడం సరదాగా నేర్చుకునేవాళ్ళకు రెండే రెండు నియమాలు. నీది కాని తాళం ముట్టుకోకు. వాడుకలో ఉన్న తాళం ముట్టుకోకు. మొదటిది ఎందుకో చంటిపిల్లాడికి కూడా తెలుసు. రెండోది ఎందుకో మాత్రం చెయ్యి కాలితే గాని ఎవరి బుర్రకీ ఎక్కదు. పళ్ళ మేస్త్రికి ఎక్కిన రోజు సంగతి ఇది.

పళ్ళ మేస్త్రి అన్నారు కదా అని అతను ఎవరి పళ్ళూ పీకడు. పీకేది అతని చెల్లెలు. ఆవిడ పళ్ళ డాక్టరు. అతను ఆ క్లినిక్కు వెనకగదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేస్తాడు. మైనంతో చెక్కి, అచ్చు పోసి, అరగదీసి, మెరుగు పెట్టి, మనిషికి మళ్ళీ నవ్వే ధైర్యం వచ్చేలా చేస్తాడు. నలభై ఆరేళ్ళ మనిషి. కట్టిన పన్ను ఇసుక రేణువంత ఎత్తున్నా నోట్లో పెట్టుకున్నవాడు నమల్లేడు. అలాంటి వెంట్రుకవాసి తేడాలతో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన చేతులు అతనివి. ఆ చేతులంటే అతనికి కాస్త గర్వం. ఉంటే ఉండనీ, తాళాల పిచ్చి పట్టేదాకా ఆ గర్వంతో ఎవరికీ ఇబ్బంది రాలేదు.

పిచ్చి పట్టి మూడు నెలలైంది. ఆదివారం ఆదివారం లైబ్రరీ మేడమీది గదిలో ఏడెనిమిదిమంది చేరతారు. రిటైరైన లెక్కల టీచరమ్మ వాళ్ళకు గురువు. ఆవిడ బల్లమీద తాళాలు పరిచి, ఒక్కొక్కళ్ళ వెనకా నిలబడి, చెయ్యి బిగిస్తే చాలు భుజం మీద ఒక్కటి వేస్తుంది. "బలం చూపించకండి. దాని మొండితనం ముందు మీదెంత?" అంటుంది. పైన చెప్పిన రెండు నియమాలూ ఆవిడవే. క్లాసు మొదలయ్యే ముందు అందరిచేతా పైకి చెప్పిస్తుంది, ఎక్కాలు అప్పజెప్పించినట్టు.

విద్య పెద్దదేం కాదు. తాళం లోపల ఓ ఇత్తడి కడ్డీ ఉంటుంది. తాళంచెవి దూరే సందు ఉండేది దాంట్లోనే. ఆ కడ్డీ తిరక్కుండా ఐదు జతల చిన్న పిన్నులు స్ప్రింగుల మీద కూర్చుని అడ్డం పడుతుంటాయి. సరైన తాళంచెవి దూరితే ఐదు జతలూ ఒకే గీత దగ్గర విడిపోయి కడ్డీకి దారి ఇస్తాయి. తాళంచెవి లేనివాడు ఒక చేత్తో సన్నటి ఇనప పట్టీ పెట్టి కడ్డీని తిప్పీ తిప్పనట్టు పట్టుకుని, రెండో చేత్తో కొంకి దూర్చి, ఒక్కో పిన్నునూ ఆ గీత దాకా నొక్కాలి. చెప్పడానికి నిమిషం చాలు. చెయ్యడానికి మెడ పట్టేస్తుంది, కళ్ళు లాగుతాయి, ఇంట్లో పెళ్ళాం నవ్వుతుంది.

మేస్త్రి భార్య నిజంగానే నవ్వేది. ఆవిడ బస్సు డిపోలో గుమస్తా. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో పట్టీలు రాసే ఉద్యోగం. "ఇంట్లో బాత్రూం గడియ పడక ఆర్నెల్లయింది. లోపలికెళ్ళినవాళ్ళు దగ్గుతూ కూర్చోవాల్సొస్తోంది. దాన్ని చూసే తీరిక లేదు గాని, ఊళ్ళో తాళాలన్నీ మీకే కావాలి," అనేది. అనేసి, అతను ఒళ్ళో తాళం పెట్టుకుని కునికిపాట్లు పడుతుంటే దాన్ని తీసి పక్కన పెట్టేది. పెళ్ళై ఇరవై రెండేళ్ళయింది. కోపంలో కూడా ఆవిడ గొంతు హెచ్చేది కాదు.

మూడు నెలల్లో అతను విప్పినవి మూడే తాళాలు. ఒకటి లోపలున్నదంతా బయటికి కనపడే ప్లాస్టిక్ తాళం, నేర్చుకునే పిల్లలకిచ్చేది. మిగతా రెండూ మూడేసి పిన్నుల బుల్లి తాళంకప్పలు. వచ్చే ఆదివారం టీచరమ్మ ఐదు పిన్నుల తలుపు తాళం ముందు పెడతానంది. గుంపులో ఒక బ్యాంకు క్యాషియరు ఉన్నాడు, అలాంటిది పదకొండు నిమిషాల్లో విప్పానని నాలుగు వారాలుగా చెప్పుకుంటున్నాడు. రోజూ వేళ్ళతో నోట్లు లెక్కపెట్టేవాడు తనను మించిపోవడం మేస్త్రికి మింగుడుపడలేదు. మనిషికి నిప్పు అంటుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణాలు అక్కర్లేదు.

అచ్చం అలాంటి తాళమే క్లినిక్కులో ఉంది. నడవా చివర స్టోరు గదికి రేకు తాపడం చేసిన బరువైన తలుపు, దానికి ఐదు పిన్నుల తాళం. తాళంచెవి రెండు నిండు చుట్లు తిప్పితేగాని తలుపు రాదు. ఆ తాళంచెవి కూడా ఎక్కడో లేదు, తలుపు పక్కనే గోడకున్న మేకుకి వేలాడుతూ ఉంటుంది.

ఆ గదిలో ఒక ఎర్ర డబ్బా ఉంది. మామూలుగా అది రోగి కుర్చీ పక్కనుండే తోపుడుబల్ల కింది అరలో ఉంటుంది. ఎవరికైనా మందు పడక, ఒళ్ళు వాచి, ఊపిరి అందకపోతే వెంటనే తొడలో పొడవాల్సిన ఇంజెక్షను అందులోనే ఉంది. నాలుగు రోజుల క్రితం తోపుడుబల్ల చక్రం విరిగి రిపేరుకి పోయింది. డబ్బా స్టోరు గదిలోకి పోయింది. నాలుగు రోజులకేం కొంప మునుగుతుందని అందరూ అనుకున్నారు. పన్నెండేళ్ళలో దాని అవసరం ఒక్కసారీ రాలేదు మరి.

ఆ మధ్యాహ్నం చెల్లెలు మేడమీదున్న ఇంటికి భోజనానికి వెళ్ళింది. ముందుగదిలో కౌంటరు చూసుకునే పెద్దావిడ, అందరూ పెద్దమ్మా అని పిలుస్తారు, కుర్చీలో తల వాల్చి కునుకు తీస్తోంది. మేస్త్రి నడవా చివర పీట వేసుకుని కూర్చున్నాడు. జేబులోంచి గుడ్డసంచి తీశాడు. అందులో కొంకులన్నీ సొంతంగా చేసుకున్నవే. పళ్ళు గీకే సూదులు అరిగిపోయి చెల్లెలు పారేస్తే ఏరుకుని సానబట్టినవి. చెల్లెలి తాళం అంటే నా తాళమే కదా అనుకున్నాడు. అలా మొదటి నియమం సర్దుకుంది. రెండో నియమానికైతే సర్దుబాటు కూడా వెతకలేదు. తాళాన్ని విప్పుతాం గాని పగలగొడతామా ఏమిటి?

మొదటి పిన్ను తేలిగ్గానే కూర్చుంది. మూడోది ఏడిపించింది. నాలుగోది కూర్చున్నట్టే కూర్చుని, రెండోదాన్ని జార్చేసింది. అతను విసుక్కోలేదు. పట్టీ మీద వేలు ఇంకాస్త తేలిక చేశాడు. కొంకి చివర ఏదో సన్నగా తగిలింది, వేలి కొసకి తప్ప ఇంకెవరికీ తెలియనంత సన్నగా. ఐదోది నొక్కాడు. కడ్డీ కదిలింది.

గడియారం చూసుకున్నాడు. తొమ్మిది నిమిషాలు! గొంతులోంచి వచ్చిన కేకని నోరు మూసి లోపలే ఆపుకున్నాడు. క్యాషియరు మొహం కళ్ళముందు కదిలింది. కొంకి బయటికి లాగేసి, పట్టీతో కడ్డీని హాయిగా తిప్పుకుంటూ పోయాడు. పావు చుట్టు తిరిగింది. సగం చుట్టు దగ్గరికి రాగానే లోపల టకటకమని ఏవో రాలినట్టు చప్పుడైంది, కడ్డీ ఆగిపోయింది.

ముందుకి తిప్పాడు, రాలేదు. వెనక్కి తిప్పాడు, రాలేదు. సిమెంటు పోసినట్టుంది. లేచి మేకుకున్న తాళంచెవి తెచ్చి దూర్చబోతే సందులో రెండు గింజల మేర వెళ్ళి ఆగింది. నోరు తెరిచిన తాళం తాళంచెవిని మింగనంటోంది.

అరగంట కుస్తీపట్టాడు. ఏం జరిగిందో తెలిస్తే కదా బాగుచెయ్యడానికి. మేడమెట్ల మీద చెల్లెలి చెప్పుల చప్పుడు వినగానే గుడ్డసంచి జేబులో కుక్కి, తాళంచెవిని మేకుకి తగిలించి, పీట చంకన పెట్టుకుని వెనకగదిలోకి దూరాడు. ఆ వయసులో ఆ పరుగు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

"అన్నయ్యా, స్టోరులోంచి కొత్త గ్లవ్స్ పెట్టె తెస్తావా?" అంది చెల్లెలు వస్తూనే.

"నా దగ్గరొకటి ఉందిలే," అని తన బల్లమీది పెట్టె ఇచ్చాడు.

చెప్పేయాల్సింది అక్కడే. 'బుద్ధి గడ్డి తిని నీ తాళం పాడుచేశాను' అంటే చెల్లెలు నాలుగు చివాట్లు పెట్టి, తాళాలవాణ్ణి పిలిపించేది, వాడు గంటలో వచ్చి పని ముగించేవాడు. కానీ నలభై ఆరేళ్ళ వయసులో తనకన్నా ఆరేళ్ళ చిన్నదాని ముందు తలొంచుకోవడానికి అతనికి మనసు రాలేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక ఎలాగోలా చూసుకుందాం అనుకున్నాడు. సాయంత్రం దాకా ఆ గదితో ఎవరికి పని పడుతుంది గనక.

సరిగ్గా రెండున్నరకు అతని భార్య వచ్చింది. బస్సుల వేళలు రాసే మనిషి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. జ్ఞానదంతం పీకించుకోవాలి. చెల్లెలు ఆవిడకి ఒక మందుబిళ్ళ మింగించి, "వదినా, ఓ పావుగంట కూర్చో. ఇది పనిచెయ్యడం మొదలెట్టాక మొదలుపెడదాం," అంది.

"పావుగంటే కదా? మీ డాక్టర్ల పావుగంటలు మా బస్సులకన్నా ఆలస్యం," అని ఆవిడ వెనకగదిలోకి వచ్చి మొగుడి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

అతను కట్టుడు పళ్ళసెట్టు ఒకటి చేతిలో పెట్టుకుని అరిగినచోటే అరగదీస్తున్నాడు.

"ఏంటి, మొహం అలా వేలాడేశారు? పన్ను పీకించుకునేది నేను," అందావిడ.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ పన్ను ఎందుకలా అరిగిపోతోంది? దాని ఓనరు ఏం తింటాడు రేపు?"

అతను అరగదీసే యంత్రం ఆపాడు. చెప్పేద్దామనే అనుకున్నాడు. ఆవిడకి చెప్తే ముందు నవ్వుతుంది, తర్వాత తనే చెల్లెలి దగ్గరికి వెళ్ళి మెత్తగా సంగతి చేరవేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అతని తప్పులన్నీ అలాగే గట్టెక్కుతున్నాయి. "అది కాదు, ఇవాళ మధ్యాహ్నం..." అని మొదలుపెట్టాడు.

ఆవిడ అరచెయ్యి గోక్కుంటోంది. "ఇక్కడ దోమలున్నాయా? చేతులు మండుతున్నాయి," అంది. మెడ కూడా గోక్కుంది. గోకినచోట ఎర్రగా దద్దుర్లు తేలాయి. అతను చూస్తుండగానే కింది పెదవి ఉబ్బింది.

"నాలుక... బరువుగా ఉందేంటండీ?" అంది. మాట ముద్దగా వచ్చింది. ఆ తర్వాత గొంతులోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు వచ్చింది. అది ఆవిడ ఊపిరి.

"చెల్లీ!" అని అరిచాడు. ఆ అరుపుకి పెద్దమ్మ కూడా లేచి పరిగెత్తుకొచ్చింది.

చెల్లెలు గుమ్మంలోంచే ఒక్క చూపు చూసింది. వదినని పట్టి మెల్లగా నేలమీద పడుకోబెట్టి, కాళ్ళ కింద స్టూలు పెట్టింది. "మందు పడలేదు. ఎర్ర డబ్బా! అన్నయ్యా, ఎర్ర డబ్బా తే, పరిగెత్తు!"

అతను పరిగెత్తాడు. మేకుకున్న తాళంచెవి తీసుకున్నాడు. అది దూరదని తెలుసు. తెలిసినా దూర్చాడు. దేవుడు ఒక్కసారికి మనసు మార్చుకుంటాడేమోనని ఆశ. అది మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏమైంది?" చెల్లెలు అరిచింది.

"తాళం ఇరుక్కుపోయింది!"

"ఇరుక్కోవడమేంటి? పొద్దున నేనే తీశాను!"

అతను వెనక్కి నడిచి, ఉరికొచ్చి భుజంతో తలుపుని గుద్దాడు. రెండోసారి గుద్దాడు. రేకు తాపడం మోగింది గాని తలుపు ఈషణ్మాత్రం కదల్లేదు. నడవా అవతలి చివర, వెనకగది గుమ్మంలో, భార్య తల కనిపిస్తోంది. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి, ఇటే చూస్తున్నాయి. ఊపిరి కోసం ఛాతీ మొత్తం ఎగిరెగిరి పడుతోంది.

చెల్లెలు అంబులెన్సుకి ఫోన్ చేసింది. పావుగంట పడుతుందన్నారు. ఫోన్ పడేసి, కలంతో పెద్దమ్మ అరచేతిలో మందు పేరు రాసింది. "వీధి చివర మందుల షాపు. ఇది ఉందేమో అడుగు. డాక్టరమ్మ పంపింది, మనిషి పోతోందని చెప్పు. మందుచీటీ అడిగితే నా పేరు చెప్పు." పెద్దమ్మ తలుపు కూడా వెయ్యకుండా వెళ్ళింది. ఆవిడ మోకాళ్ళు అరిగి రెండేళ్ళయింది, వాకిట్లో మూడు మెట్లు దిగాలన్నా రెయిలింగు పట్టుకుంటుంది.

మేస్త్రి తాళం ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. ఏం చెయ్యాలో ఫోన్లోనే చెప్పగలిగిన మనిషి అతనికి తెలిసి ఒక్కతే. ఫోన్ తీసి లెక్కల టీచరమ్మకి చేశాడు. రెండు చేతులూ కావాలి కాబట్టి ఫోన్ నేలమీద పెట్టి స్పీకరు పెట్టాడు.

"టీచరుగారూ, తాళం ఇరుక్కుపోయింది. తాళంచెవి దూరడం లేదు. లోపల మందుంది, నా భార్యకి ఊపిరాడటం లేదు."

"ఎలా ఇరుక్కుంది?" టీచరమ్మ గొంతు నడవా అంతా మోగింది.

"అదే... మామూలుగానే..."

"తాళాలు మామూలుగా ఇరుక్కోవు మేస్త్రిగారూ. ఏం చేశారో చెప్తేనే ఏం చెయ్యాలో చెప్పగలను. త్వరగా!"

చెల్లెలు వెనకగది గుమ్మంలోంచి ఇటు చూస్తోంది. భార్య చూస్తోంది. ఇక దాచడానికి చోటు లేదు.

"నేనే కొంకితో విప్పాను. మధ్యాహ్నం, సరదాకి. విప్పి తిప్పితే సగం చుట్టులో ఆగిపోయింది."

చెల్లెలు మొహం తిప్పుకుని వదిన నాడి చూడసాగింది. తిట్టినా బాగుండేది.

"కొంకి తీసేసి తిప్పారా?" అడిగింది టీచరమ్మ.

"ఆ."

"తాళంచెవితో తిప్పితే దాని వీపు ఆ సందుని కప్పి ఉంచుతుంది. మీరు ఖాళీగా తిప్పారు. సగం చుట్టులో సందు తలకిందులై పిన్నుల ఎదుటికొచ్చింది, ఐదూ ఎగిరి అందులో పడ్డాయి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటే వెనక్కి నొక్కి, నొక్కినవాటిని లేవనివ్వకుండా పట్టుకుని, కడ్డీని మొదటికి తిప్పాలి. మొదటికొస్తే తాళంచెవి దూరుతుంది. సన్నగా, పొడుగ్గా, చదునుగా ఉండేది ఏదైనా ఉందా?"

అతను వెనకగదికి ఉరికాడు. భార్యని దాటుకుని వెళ్ళాలి. దాటాడు. బల్లమీద మైనం చెక్కే కత్తి ఉంది, సన్నటి చదును రేకు. అది పట్టుకుని మళ్ళీ ఆవిణ్ణి దాటుకుని వచ్చాడు. దాటేటప్పుడు కిందికి చూడలేదు, చూస్తే చెయ్యి ఆడదని భయం.

"దొరికింది."

"అంచు పిన్నుల వైపు పెట్టి తొయ్యండి. మొదటిది దిగాక దానిమీంచి రెండోదానికి జరగండి. వెనక్కి తియ్యకండి. బలం చూపించకండి."

జేబులోంచి పట్టీ తీసి సందులో ఓ పక్కకి ఆనించి, కత్తి దూర్చాడు. మొదటి పిన్ను కత్తి అంచుకి తగిలింది. గట్టిగా నొక్కితే జారిపోయింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ నొక్కాడు. దిగింది. అంచు దానిమీదికి ఎక్కింది. రెండోది కాస్త వాలుగా ఉంది, కత్తిని వెంట్రుకంత పక్కకి వంచాలి. వంచాడు. దిగింది. అప్పటిదాకా వణికిన చేతులు ఎప్పుడు ఆగాయో అతనికే తెలియదు. మూడోది స్ప్రింగు గట్టిది. వేలి కొసకి అది ఎదురుతిరగడం తెలుస్తోంది, ఎంత ఎదురుతిరుగుతోందో అంతే నొక్కాలని కూడా తెలుస్తోంది. నడవా పోయింది. ఫోన్లో గొంతు పోయింది. ఎక్కడో ఎవరో పరిగెత్తుతున్నారు, ఏదో అంటున్నారు, ఎవరో పిలుస్తున్నారు. అవన్నీ పక్కింటి గొడవల్లా దూరంగా ఉన్నాయి. మూడోది దిగింది. నాలుగోది దానంతట అదే దారిచ్చింది. ఇక లోకంలో ఉన్నది ఐదో పిన్ను, అతని వేలు. ఐదోదాన్ని కత్తి మొనతో మెల్లగా, నిద్రపోయే పిల్లకి దుప్పటి సర్దినంత మెల్లగా నొక్కాడు. పట్టీ కదిలింది. కడ్డీ వెనక్కి తిరుగుతోంది. పావు చుట్టు, ఇంకో పావు. లోపల పిన్నులన్నీ ఒక్కసారిగా తమతమ చోట్ల కూర్చున్న చప్పుడు.

తాళంచెవి పెట్టాడు. వెన్నలో దిగినట్టు దిగింది. రెండు చుట్లు తిప్పాడు. తలుపు తెరుచుకుంది. కళ్ళముందు అరలో ఎర్ర డబ్బా. దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"వచ్చేసింది! వచ్చేసింది చెల్లీ, ఐదూ వచ్చేశాయి!" అని అరిచాడు.

వెనకగది గుమ్మంలో చెల్లెలు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆవిడ చేతిలో ఖాళీ సిరంజి ఉంది. పక్కనే పగిలిన మందు గాజుబుడ్డి. గోడకి చేరగిలబడి పెద్దమ్మ నేలమీద కూర్చుని రొప్పుతోంది, కాళ్ళకి చెప్పులు లేవు, ఒక మోకాలి దగ్గర చీర చిరిగి రక్తం కారుతోంది. భార్య తల చెల్లెలి ఒళ్ళో ఉంది. ఉబ్బిన మొహంలో కళ్ళు సగమే తెరుచుకున్నాయి, కానీ ఊపిరి ఆడుతోంది. ఈల చప్పుడు లేదు. ఆవిడ అతన్నే చూస్తోంది.

అతని మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. అది అక్కడుందని అతనికి అప్పుడే తెలిసింది. తెలిశాక కూడా దాన్ని దించడానికి కొంతసేపు పట్టింది.

నేలమీది ఫోన్లోంచి టీచరమ్మ అడుగుతూనే ఉంది. "మేస్త్రిగారూ, ఏమైంది? మీ ఆవిడ ఎలా ఉంది?"

డబ్బా మాత్రం వృథా పోలేదు. అంబులెన్సు వచ్చేలోపు ఊపిరి మళ్ళీ బిగిస్తే చెల్లెలు అందులోంచి రెండో ఇంజెక్షను తీసి ఇచ్చింది. ఆక్సిజను కూడా ఆ గదిలోంచే వచ్చింది. కానీ ఆవిణ్ణి చావు గుమ్మంలోంచి లాక్కొచ్చింది మాత్రం అరిగిన మోకాళ్ళతో పెద్దమ్మ పెట్టిన పరుగు. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు.

ఆసుపత్రిలో సాయంత్రానికి వాపు తగ్గింది. ఒక్కోసారి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెడుతుందట, అందుకని రాత్రికి ఉంచుకుని చూస్తామన్నారు. చెల్లెలు వరండాలో అన్నని ఆపింది. అప్పటిదాకా ఆవిడ అతనితో మాట్లాడలేదు.

"తప్పు నాది కూడా ఉంది. డబ్బాని ఆ గదిలో పెట్టకూడదు," అంది. "కానీ గ్లవ్స్ అడిగాను కదా అన్నయ్యా. అప్పుడైనా చెప్పొచ్చు కదా."

ఇంకేం అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ నడక చూస్తుంటే తనకి ఆరేళ్ళప్పుడు పుట్టిన పిల్లలా లేదు, తనకన్నా పెద్దదానిలా ఉంది.

మేస్త్రి మంచం పక్కన కుర్చీలో కూర్చుని భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ చాలాసేపు కప్పు వైపు చూస్తూ పడుకుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్తారా?"

"చెప్తాను."

"తలుపు తీసి ఇటు తిరిగినప్పుడు నవ్వుతున్నారు మీరు. నేను బతికానని చూసి నవ్వారు కదూ?"

ఔనంటే సరిపోయేది. మాట ఆవిడే అందించింది, అందుకోవడమే తరువాయి. కానీ ఆ రోజు చెప్పకుండా దాచిన మాట ఎంతదాకా తెచ్చిందో అతను కళ్ళారా చూశాడు.

"కాదు," అన్నాడు. "నువ్వు బతికిన సంగతి అప్పటికి నాకు తెలియదు."

"మరి?"

"తాళం వచ్చిందని."

"ఇంజెక్షను పడ్డాక కాస్త గొంతు పెగిలింది. రెండుసార్లు పిలిచాను మిమ్మల్ని. ఏమండీ అని. పది అడుగుల దూరం లేదు."

"వినపడలేదు."

"నేను అక్కడున్నానని గుర్తుందా అప్పుడు?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. మొదట్లో ఆవిడ కోసమే ఆ తాళం ముందు కూర్చున్నాడు. ఏ పిన్ను దగ్గర ఆవిణ్ణి వదిలేశాడో ఎంత తల పగలగొట్టుకున్నా అతనికి గుర్తు రాలేదు.

ఆవిడ తన చేతిని మెల్లగా అతని చేతుల్లోంచి తీసుకుని దుప్పటి లోపల పెట్టుకుంది. విసురుగా కాదు. గొంతు కూడా పెంచలేదు.

"మా అక్కకి ఫోన్ చెయ్యండి. ఈ రాత్రికి నా దగ్గర తనుంటుంది."

"నేనుంటాను. కన్ను మూయను, ఒట్టు."

"మెలకువగానే ఉంటారు, నాకు తెలుసు," అంది ఆవిడ. "మళ్ళీ ఊపిరి బిగిస్తే నేను గట్టిగా పిలవలేను. మెల్లగా పిలిచినా వినపడే మనిషి కావాలి నాకు."

అతను లేచి వరండాలోకి వచ్చాడు. ఫోన్ తీసి భార్య అక్కగారి నంబరు నొక్కి, ఆవిడ ఎత్తేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.